హాజరు పట్టీలో పేరు, పనిచోట స్థానం

నగరం తన వీధులను ఊడ్పించుకోవడానికి, భవనాలను కట్టించుకోవడానికి, కార్యాలయాలను నడిపించుకోవడానికి పలు భాషలవారిని పనిలోకి పిలుస్తుంది. అలా వచ్చినవారిలో ఎవరు ఎదుగుతున్నారు, ఎవరు చేరిన మెట్టు మీదనే పాతికేళ్లు నిలిచిపోతున్నారు అన్న ప్రశ్నను మాత్రం అరుదుగా వేసుకుంటుంది. ఈ పాఠం ఆ ప్రశ్నను గూర్చినది. కర్ణాటక నగరాలలో, ముఖ్యంగా బెంగళూరులో, స్థిరపడిన తెలుగు కార్మికులను, ఉద్యోగులను ఇది ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది. అయితే ఇందులోని విషయం చెన్నైలోని పారిశుద్ధ్య కార్మికునికీ, షోలాపూరులో మగ్గం నడిపే పద్మశాలి కుటుంబానికీ, ఆ ఊరిలోనే బీడీలు చుట్టే స్త్రీకీ అంతే వర్తిస్తుంది.

ముందుగా ఒక భేదాన్ని గ్రహించాలి. ఉద్యోగం ఇవ్వడం వేరు, ఉద్యోగంలో స్థానం ఇవ్వడం వేరు. మొదటిది హాజరు పట్టీలో పేరు ఎక్కడంతో పూర్తవుతుంది. రెండవది నియమాలు అర్థమయ్యే విధంగా చెప్పడం, పని నేర్పడం, పదోన్నతికి దారి చూపడం, అన్యాయం జరిగినప్పుడు మాట వినడం అనే నాలుగింటితో మొదలవుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఉద్యోగి పనిలో ఉంటాడు కాని సంస్థలో ఉండడు.

అల్పసంఖ్యాకులు ఎవరు?

అల్పసంఖ్యాకులు అనగానే చాలామందికి మతమే స్ఫురిస్తుంది. మన రాజ్యాంగం భాషను కూడా ఆ లెక్కలోకి తీసుకున్నది. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరింపబడినప్పుడు, ప్రతి సరిహద్దుకూ అటూ ఇటూ వేరొక భాషవారు మిగిలిపోయారు. వారి రక్షణ కోసమే ఆ సంవత్సరం ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350 ఎ, 350 బి అధికరణాలు చేరాయి. 350 బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయం 1957లో ఏర్పడింది.

ఎవరు అల్పసంఖ్యాకులు అన్నదానికి కొలమానం దేశమా, రాష్ట్రమా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో తీర్చింది. విద్యాసంస్థల హక్కులకు సంబంధించిన ఆ తీర్పులో, రాష్ట్రమే కొలమానమని న్యాయస్థానం చెప్పింది. అందువల్ల అనంతపురంలో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు బెంగళూరు బస్సు దిగేసరికి అల్పసంఖ్యాకుడవుతాడు. యానాం ఇంకా విచిత్రమైన ఉదాహరణ. ఆ ఊరిలో ఎటు చూసినా తెలుగే వినిపిస్తుంది. కాని తమిళం ప్రధానభాషగా ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఆ తెలుగువారు అల్పసంఖ్యాకులే. అల్పసంఖ్యాకత మనిషి స్వభావంలో ఉండేది కాదనీ, అతడు నిలిచిన చోటును బట్టి వచ్చేదనీ దీని వలన తెలుస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు సుమారు 5.8 శాతం. వీరిలో తరతరాలుగా కోలారు, బళ్లారి ప్రాంతాలలో ఉన్న రైతులున్నారు, నిన్న మొన్న వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు. తెల్లవారకముందే చీపురు పట్టి వీధుల్లోకి వచ్చే పౌరకార్మికులూ ఉన్నారు. బెంగళూరు పారిశుద్ధ్యపు పనిలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో, వారిలోనూ స్త్రీలే ఎక్కువ. వీరందరి మాతృభాష ఒకటే అయినా, ఆ భాష వలన కలిగే ఇబ్బంది అందరికీ ఒకటి కాదు. ఆంగ్లం వచ్చిన ఉద్యోగికి అది అసౌకర్యం. ఏ లిపీ చదవలేని కార్మికురాలికి అది జీతం, సెలవు, భద్రత అన్నింటి ముందూ నిలిచిన గోడ.

చట్టం భాషను ఎలా చూసింది?

పనిచోట భాష గురించి మన కార్మిక చట్టాలు మౌనంగా లేవు. 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 108వ విభాగం, చట్టప్రకారం ప్రదర్శించవలసిన ప్రకటనలు ఆంగ్లంలోనూ, కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని చెప్పింది. ఉద్యోగ నిబంధనలకు సంబంధించిన 1946 నాటి స్థాయీ ఉత్తర్వుల చట్టం కూడా ఇదే మాట అన్నది. పరాయి పాలన నాటి అలవాటుగా అంతా ఆంగ్లంలోనే సాగుతున్న కాలంలో ఇది ముందడుగే. కాని అందులోని ఒక పదాన్ని గమనించాలి. చట్టం లెక్కపెట్టినది అధికసంఖ్యాకులను. నూరుమందిలో డెబ్బైమందికి తెలిసిన భాషలో ప్రమాద హెచ్చరిక రాస్తే చట్టం తృప్తిపడింది. మిగిలిన ముప్పైమంది ఆ హెచ్చరికను ఎలా చదువుతారన్నది చట్టం అడగలేదు. యంత్రం మాత్రం వారి చేతిని ఏ భాషవారిదని చూడదు.

ఈ లోటును గుర్తించిన చట్టం 1979లో వచ్చింది. గుత్తేదారుల ద్వారా ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పనికి వెళ్లే కార్మికుల కోసం చేసిన ఆ చట్టం, ప్రతి కార్మికునికీ ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలన్నది. పని వివరాలు, వేతనం హిందీ, ఆంగ్లాలలోనే కాక, కార్మికుని సొంతభాషలో కూడా అందులో ఉండాలన్నది. ఇక్కడ కొలమానం మారింది. సంఖ్య స్థానంలో మనిషి వచ్చాడు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులు ఈ మూడు పాత చట్టాలనూ తమలో కలుపుకున్నాయి. చట్టాల పేర్లు మారినా, ఆ రెండు చూపుల మధ్య ఉన్న తేడా నేటికీ పాఠమే. ‘ఎక్కువమందికి అర్థమైతే చాలు’ అనేది ఒక చూపు, ‘ఈ మనిషికి అర్థమయిందా’ అనేది మరొక చూపు. పనిచోట అందరికీ స్థానం కల్పించడమంటే రెండవ చూపును అలవరచుకోవడమే.

ప్రభుత్వోద్యోగాల సంగతి కొంత భిన్నం. రాజ్యాంగపు 16వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం అనే కారణాలతో వివక్ష చూపరాదన్నది. ఆ వరుసలో భాష పేరు లేదు. ఆ కొరతను కొంతవరకు పూడ్చడానికి కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి కొన్ని రక్షణలకు అంగీకరించాయి. నియామక సమయంలోనే రాష్ట్రభాషా జ్ఞానాన్ని పట్టుబట్టకుండా, పరిశీలనా కాలం ముగిసేలోగా పరీక్ష పెట్టవచ్చుననేది వాటిలో ఒకటి. జిల్లాలోనో అంతకంటే చిన్న పరిపాలనా ప్రాంతంలోనో 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించాలనేది మరొకటి. ఇవి అంగీకారాలే కాబట్టి, అమలు ఆయా రాష్ట్రాల నియామక నిబంధనలను బట్టి ఉంటుంది. దరఖాస్తు చేసేవారు నోటిఫికేషన్‌లోని భాషా షరతును తప్పక చదువుకోవాలి. ఇక 350వ అధికరణం అంగీకారం కాదు, హక్కు. తన కష్టాన్ని తీర్చమని కేంద్ర లేక రాష్ట్ర అధికారికి చేసే విన్నపాన్ని ఆ కేంద్రంలో లేక రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించే అధికారాన్ని అది ప్రతి వ్యక్తికీ ఇచ్చింది.

ఎదుగుదల ఎక్కడ ఆగుతుంది?

ఒక పౌరకార్మికురాలిని ఊహించుకుందాం. ఇరవై ఏళ్లుగా ఒకే వార్డులో పని చేస్తున్నది. ఏ ఇంటివారు చెత్తను వేరుచేసి ఇస్తారో, ఏ మలుపులో రాత్రివేళ చెత్త పడుతుందో, వాన వస్తే ఏ కాలువ ముందుగా పొంగుతుందో ఆమెకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. అయినా ఆమె ఆ వార్డుకు మేస్త్రీ కాలేదు. కారణాలను విడదీసి చూస్తే నాలుగు కనిపిస్తాయి.

మొదటిది సమాచారం. కొత్త నియమం వచ్చినట్లు ఆమెకు మేస్త్రీ నోట తెలుస్తుంది. మేస్త్రీ ఎంత చెబితే అంతే నియమం. చెప్పనిది లేనట్లే. సంతకం పెట్టిన కాగితంలో ఏమున్నదో తెలియక, ఆమె తన సెలవులను తానే పోగొట్టుకుంటుంది.

రెండవది శిక్షణ. తరగతి కన్నడంలోనో ఆంగ్లంలోనో జరుగుతుంది. అది కూడా తరచుగా పని ముగిసిన తరువాత, ఇంట్లో పొయ్యి వెలిగించవలసిన వేళ. వెనుక వరుసలో కూర్చున్నవారు హాజరు వేయించుకుని లేస్తారు. శిక్షణ పొందినవారి పట్టికలో ఆమె పేరు ఉంటుంది, శిక్షణ మాత్రం ఉండదు.

మూడవది పదోన్నతి. ఆటో టిప్పర్ నడపడానికి లైసెన్సు కావాలి. మేస్త్రీ పనికి హాజరు రాయడం, నివేదిక ఇవ్వడం రావాలి. ఇవి నేర్చుకోదగినవే. కాని ‘నీవూ నేర్చుకోవచ్చు’ అని ఆమెతో అన్నవారు ఎవరూ లేరు. అడగనివారిని ఆసక్తి లేనివారిగా లెక్కవేయడం పెత్తనం చేసేవారికి సులభం.

నాల్గవది ఫిర్యాదు. తప్పు చేసినవాడే ఆమె మాటను పైవారికి అనువదించేవాడైతే, ఆ ఫిర్యాదు గడప దాటదు. చాలామంది ‘వారు ఎప్పుడూ ఏమీ అనలేదు’ అని చెప్పే సంతృప్తి వెనుక ఉన్నది ఈ నిస్సహాయతే.

వారసత్వంగా వచ్చే పని

భాష ఒక్కటే అడ్డు అయితే ఆరు నెలల తరగతితో తీరిపోయేది. దానికి కులం తోడైనప్పుడు, పని తల్లి నుండి కోడలికి, తండ్రి నుండి కొడుకుకు ఆస్తిలా సంక్రమిస్తుంది. కోలారు బంగారు గనుల చరిత్ర ఇందుకు సాక్ష్యం. 2001లో మూతబడే వరకు ఆ గనులు తమిళ, తెలుగు ప్రాంతాల కార్మికుల శ్రమతో నడిచాయి. వారి కాలనీలలో పొడి మరుగుదొడ్లను చేతులతో శుభ్రం చేసే పని దళిత కుటుంబాలది. అలాంటి ఒక తెలుగు కుటుంబంలో పుట్టినవారు బెజవాడ విల్సన్. తనవారు చేసే పనిని కళ్లారా చూసిన ఆయన, ఆ పనిలో మెరుగైన పనిముట్లు ఇమ్మని కోరి ఊరుకోలేదు, ఆ పనే ఉండరాదన్నారు. ఆయన జాతీయ కన్వీనరుగా ఉన్న సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో పార్లమెంటు కొత్త నిషేధ చట్టం చేసింది. 2014 మార్చిలో న్యాయస్థానం తీర్పునిచ్చింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఈ ఉదాహరణ చెప్పేది ఒక్కటే. ఎదుగుదలకు తోడ్పడడమంటే ఉన్న పనిని కొంచెం సుఖంగా చేయించడం మాత్రమే కాదు. ఆ పని నుండి మరొక పనికి పోగల దారి తెరవడం. చేతి తొడుగులు, బూట్లు, గమ్ బూట్లు ఇవ్వడం విధి. కాని కార్మికురాలి కుమార్తె కూడా అవే తొడుగులు తొడుక్కోవలసి వస్తే, ఆ సంస్థ రక్షణ ఇచ్చిందే గాని స్థానం ఇవ్వలేదు.

సంస్థలు చేయదగినవి

పెద్ద ఖర్చు లేకుండా, పై ఉత్తర్వుల కోసం ఎదురు చూడకుండా చేయగల పనులు కొన్ని ఉన్నాయి. పనిచేసేవారి మాతృభాషలను, వారు చదవగల లిపులను ఒకసారి నమోదు చేయాలి. మాట్లాడే భాష, చదివే భాష ఒకటే కాకపోవచ్చు. చదవలేనివారికి నియమాలను నోటితో చెప్పి, వారి చేత తిరిగి చెప్పించుకోవాలి. అర్థమయిందా అని అడిగితే అందరూ తలూపుతారు. తిరిగి చెప్పమంటేనే అర్థమయినది ఎంతో తెలుస్తుంది.

శిక్షణ పనివేళల్లోనే, వేతనంతో జరగాలి. ప్రమాదాలకు సంబంధించిన శిక్షణ అయితే బొమ్మలతో, చేసి చూపడంతో సాగాలి. కన్నడం నేర్పే తరగతిని కూడా శిక్షణగానే పరిగణించాలి. రాష్ట్రభాష రాదని ఒకరిని పక్కన పెట్టే సంస్థ, దాన్ని నేర్పే బాధ్యతలో కొంత తానూ తీసుకోవడం న్యాయం.

పదోన్నతికి కావలసిన అర్హతలను గోడ మీద రాసి పెట్టాలి. ఏడాదికొకసారి ప్రతి ఉద్యోగితోనూ ‘తరువాత ఏ పని చేయదలచుకున్నావు, దానికి ఏమి కావాలి’ అని మాట్లాడాలి. ఫిర్యాదు విన్నప్పుడు అనువదించే వ్యక్తి ఆ విభాగానికి చెందనివాడై ఉండాలి.

స్త్రీల విషయంలో చట్టమే స్పష్టంగా చెప్పింది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. రాయలేని స్త్రీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడంలో తగిన సహాయం చేయడం కమిటీ విధి. భాష రాకపోవడం ఫిర్యాదును తిప్పి పంపడానికి కారణం కాదు.

ఉద్యోగి చేయదగినవి

సంస్థ బాధ్యతను చెప్పినంత మాత్రాన ఉద్యోగి బాధ్యత తీరదు. కన్నడనాట జీవించేవారు కన్నడం నేర్చుకోవడం ఆ నేలకు చూపే మర్యాద, తమకు తాము చేసుకునే మేలు. తెలుగు చదవగలవారికి ఇది కష్టం కాదు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. తలకట్టు తేడాను పట్టుకుంటే చాలా అక్షరాలు వాటంతట అవే తెలిసిపోతాయి.

కార్యాలయపు కాగితాల మీద కనిపించే మాటలతో మొదలుపెట్టవచ్చు. ‘సంబళ’ అంటే జీతం, రాయలసీమవారికి ఇది కొత్త మాట కాదు. ‘రజె’ సెలవు. ‘అర్జి’ మన అర్జీయే. ‘హాజరాతి’ హాజరు. ‘తరబేతి’ శిక్షణ, ‘బడ్తి’ పదోన్నతి, ‘కడ్డాయ’ తప్పనిసరి. ‘గుత్తిగె’ మన గుత్త, అనగా కాంట్రాక్టు. ‘ఖాయం’ అనే మాట నియామక పత్రంలో ఉంటే పర్మనెంటు అని అర్థం. ‘దూరు’ అన్నదానితో మాత్రం జాగ్రత్త. తెలుగులో దూరడమంటే నిందించడం, కన్నడంలో దూరు అంటే ఫిర్యాదు. ఈ పది మాటలు తెలిసినవారు గోడ మీది ప్రకటనలో సగం గ్రహించగలరు.

వేతన చీటీ చదవడం రెండవ మెట్టు. భవిష్యనిధికి మూల వేతనం, కరువుభత్యం మీద సాధారణంగా 12 శాతం ఉద్యోగి వాటాగా కోత పడుతుంది. యజమాని కూడా తన వాటా చెల్లించాలి. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారు ఇ.ఎస్.ఐ. పరిధిలోకి వస్తే, వారి వాటా 0.75 శాతం. చీటీలో కోత ఉన్నది కాని 12 అంకెల యు.ఎ.ఎన్. సంఖ్య తనకు తెలియదు అనే ఉద్యోగి, తన డబ్బు ఎక్కడ చేరుతున్నదో ఆ రోజే అడగాలి. గుత్తేదారు మారినప్పుడల్లా ఇది మరీ ముఖ్యం.

మనవారే ఎక్కువగా ఉన్న చోట

చివరగా, తెలుగువారు తమను తాము పరీక్షించుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో కొన్ని బృందాలు దాదాపు తెలుగువారితోనే నిండి ఉంటాయి. సమావేశం ఆంగ్లంలో మొదలై, అసలు నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి జారుతుంది. ఆ బల్ల వద్ద కూర్చున్న ఒక్క ఒడియా యువతి గానీ కన్నడిగుడు గానీ నవ్వుతూ ఎదురు చూస్తుంటారు. కట్టడపు పనుల్లో మేస్త్రీ తెలుగువాడైతే బిహారు నుండి వచ్చిన కూలీది అదే స్థితి. రాష్ట్రంలో అల్పసంఖ్యాకులైనవారు ఒక గదిలో అధికసంఖ్యాకులు కావచ్చు. అప్పుడు పై నియమాలన్నీ వారికే వర్తిస్తాయి.

అంతకంటే లోతైనది మరొకటి. ఊరుగాని ఊరిలో తెలుగు మాట వినపడగానే ప్రాణం లేచివస్తుంది. ‘ఏ ఊరండీ మీది’ అన్న ప్రశ్న ఆప్యాయతతోనే పుడుతుంది. కాని అది ‘ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు’ అన్నంత వరకు సాగినప్పుడు, అడిగేవారు వెతుకుతున్నది ఊరు కాదని ఎదుటివారికి తెలిసిపోతుంది. ఆ తరువాత టిఫిన్ బల్ల వద్ద ఒకరు దూరంగా కూర్చుంటే, దానికి కారణం భాష కాదు. భాష పేరుతో తమకు సమానత్వం కోరేవారు, ఆ భాష మాట్లాడేవారిలోనే కొందరిని గడప బయట నిలబెడితే, వారి కోరికకు బలం ఉండదు.

చర్చకు ప్రశ్నలు

ఈ పాఠాన్ని సంఘాలలో, పనిచోట్ల కలిసి చదివేవారు కింది ప్రశ్నలను చర్చించుకోవచ్చు.

1. మీరు పనిచేసే చోట ప్రమాద హెచ్చరికలు ఏ భాషలలో ఉన్నాయి? వాటిని చదవలేనివారు ఎంతమంది?

2. గత సంవత్సరం మీరు పొందిన శిక్షణ వలన మీ పనిలో గానీ వేతనంలో గానీ ఏ మార్పు వచ్చింది?

3. మీ విభాగంలో పదోన్నతి పొందినవారు, పొందనివారు ఎవరు? ఆ తేడా నైపుణ్యం వలన వచ్చినదా, భాష వలననా, మరే కారణం వలననా?

4. మీ బృందంలో మీ భాష రానివారు ఉన్నారా? నిన్నటి సమావేశంలో వారికి ఎంత అర్థమయింది?

ఈ ప్రశ్నలకు నిజాయితీగా వచ్చే జవాబులే ఏ సంస్థకైనా మొదటి నివేదిక. వాటిని రాసి పై అధికారికి అందజేయడానికి ఏ భాష అయినా చాలును. నగరానికి శ్రమను ఇచ్చినవారికి నగరం వేతనమే కాక ఎదిగే దారి కూడా బాకీ ఉన్నది. ఆ బాకీని అడగడం తెలిసినవారు, తమ పక్కన నిలిచినవారికి తాము పడిన బాకీని కూడా మరువరాదు.